ఆమెకు విమానం, అతనికి ట్రక్కు: ‘డ్రీమ్స్’ సినిమాలో ప్రేమ, అధికారం

టెక్సాస్‌లో ఎవరూ లేని చోట ఒక పెద్ద ట్రక్కు ఆగి ఉంటుంది. లోపలినుంచి మనుషులు అరుస్తుంటారు, గోడలు బాదుతుంటారు. కెమెరా మాత్రం దగ్గరికి పోదు. దూరంగా నిలబడి చూస్తూ ఉంటుంది. మెక్సికో దర్శకుడు మిషెల్ ఫ్రాంకో తీసిన ‘డ్రీమ్స్’ ఇలా మొదలవుతుంది. 2025 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవం పోటీ విభాగంలో దీన్ని మొదటిసారి చూపించారు. డొనాల్డ్ ట్రంప్ రెండోసారి అధ్యక్షుడై అప్పటికి నెల కూడా తిరగలేదు.

ఆ ట్రక్కును దర్శకుడు ఊహలోంచి తేవాల్సిన పని లేదు. 2003 మే నెలలో టెక్సాస్‌లోని విక్టోరియా దగ్గర వదిలేసిన ట్రెయిలర్‌లో 19 మంది చనిపోయారు. 2017 జులైలో శాన్ ఆంటోనియోలో పది మంది. 2022 జూన్ 27న అదే శాన్ ఆంటోనియో శివార్లలో ఇంకో ట్రెయిలర్ తెరిచి చూస్తే ఎండకు ఉడికిపోయి మనుషులు కుప్పలుగా పడి ఉన్నారు. చివరికి తేలిన మృతుల లెక్క 53. ఈ అంకెలు తెలిసినవాళ్లకు మొదటి షాట్‌లో వినిపించే ఆ బాదుడు చాలాసేపు చెవుల్లోనే ఉంటుంది.

అలాంటి ట్రక్కులోంచి ప్రాణాలతో బయటపడినవాడు ఫెర్నాండో. మెక్సికోకు చెందిన బ్యాలే డాన్సర్. అతను వెళ్లాల్సింది శాన్ ఫ్రాన్సిస్కోకి, జెన్నిఫర్ దగ్గరికి. ఆమె అతనికంటే వయసులో పెద్దది, బాగా డబ్బున్న కుటుంబం. ఆ కుటుంబ ఫౌండేషన్ కళలకు విరాళాలిస్తుంది, మెక్సికోలో నాట్య శిక్షణకూ డబ్బు పెడుతుంది. ఇద్దరి మధ్యా అప్పటికే బంధం ఉంది. జెన్నిఫర్‌గా జెస్సికా చస్టెయిన్, ఫెర్నాండోగా ఐసాక్ ఎర్నాండెజ్ నటించారు.

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి మెక్సికో సిటీ సుమారు మూడు వేల కిలోమీటర్లు. విమానంలో నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పర్యాటకులుగా మెక్సికో వెళ్లాలంటే ముందుగా వీసా తీసుకోవాల్సిన పని లేదు. మెక్సికో పాస్‌పోర్టుతో అమెరికా వెళ్లాలంటే మాత్రం వీసా కావాలి, ఇంటర్వ్యూ కావాలి, తిరిగి వచ్చేస్తానని అధికారిని నమ్మించే ఆస్తో ఉద్యోగమో చూపించాలి. అప్పుడే నిలదొక్కుకుంటున్న ఒక కుర్ర డాన్సర్ దగ్గర చూపించడానికి ఏముంటుంది? ఒకే దూరం ఆమెకు ఒక పూట ప్రయాణం, అతనికి ప్రాణాల మీదికి వచ్చే ప్రయాణం. వాళ్లిద్దరూ ఒకరినొకరు తాకకముందే ప్రేక్షకుడికి ఈ తేడా తెలిసిపోతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి ముద్దునీ, ప్రతి గొడవనీ ఆ తేడాలోంచే చూడాల్సి వస్తుంది.

జెన్నిఫర్‌ను చెడ్డ మనిషిగా చూపించి చేతులు దులుపుకోలేదు ఫ్రాంకో. ఆమెకు అతనంటే నిజంగా ఇష్టం, ఆ ఇష్టంలో నటన లేదు. అతని నాట్యాన్ని గౌరవిస్తుంది, అతని శరీరాన్ని కోరుకుంటుంది, అతను కనబడకపోతే తల్లడిల్లుతుంది. కానీ నలుగురి ముందు అతన్ని తనవాడని చెప్పదు. తండ్రికి తెలియకూడదు, సోదరుడి దగ్గర మాట రాకూడదు, తమ వర్గంలో పరువు పోకూడదు. మెక్సికోలో ఉన్నంతవరకు అతను ఆమె జీవితంలో ఒక అందమైన రహస్యం. వెళ్లాలనిపించినప్పుడు వెళ్లొచ్చు, చాలనుకున్నప్పుడు వెనక్కి రావచ్చు. అతనే సరిహద్దు దాటి ఆమె ఊరికి వచ్చేసరికి ఆ ఏర్పాటంతా తలకిందులవుతుంది. ఎప్పుడు కలవాలో, ఎక్కడ కలవాలో నిర్ణయించే వీలు ఇన్నాళ్లూ ఒకరికే ఉండేది. ఇప్పుడు రెండో మనిషి కూడా ఒక నిర్ణయం తీసుకున్నాడు. సినిమాలో టెన్షన్ అంతా అక్కడినుంచే పుడుతుంది.

ఆమెది విరాళాలిచ్చే కుటుంబం కావడం కథకు చాలా ముఖ్యం. అమెరికాలో ప్రైవేట్ ఫౌండేషన్ పెట్టినవాళ్లకు ఆ డబ్బు మీద పన్ను మినహాయింపు వస్తుంది. కానీ ఏటా ఖర్చు పెట్టాల్సింది ఆస్తుల్లో దాదాపు 5 శాతం. మిగతాదంతా పెట్టుబడుల్లో ఉంటుంది, ఎవరికి ఎంత ఇవ్వాలో కుటుంబమే చూసుకోవచ్చు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, ఆ డబ్బుతో మంచి పనులూ జరుగుతాయి. అయితే ఇచ్చినా పట్టు వదలక్కర్లేని ఒక పద్ధతికి అలవాటు పడిన మనిషి, ప్రేమను కూడా ఆ పద్ధతిలోనే ఇస్తే ఎలా ఉంటుంది? జెన్నిఫర్ బట్టలిస్తుంది, ఇల్లిస్తుంది, సుఖమిస్తుంది. ఏదీ అతని పేరున ఉండదు. అతను అడిగేది వాటికంటే చవకైనది: పక్కన నిలబెట్టుకుని నలుగురికీ పరిచయం చేయమని. ఆమె ఇవ్వలేనిది అదొక్కటే.

ఈ సినిమా గురించి మాట్లాడుకునేటప్పుడు చాలామందికి వచ్చే ప్రశ్న ఒకటుంది. అంత ప్రేమే ఉంటే పెళ్లి చేసుకుని గ్రీన్ కార్డు ఇప్పించవచ్చు కదా? దీనికి సమాధానం అమెరికా వలస చట్టంలో ఉంది. ఆ చట్టం తెలిస్తే ఫెర్నాండో ఎంత ఇరుకులో ఉన్నాడో అర్థమవుతుంది.

వీసా మీద వచ్చి గడువు దాటి ఉండిపోయిన మనిషి అమెరికా పౌరురాలిని పెళ్లి చేసుకుంటే సాధారణంగా దేశంలోనే ఉండి గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సరిహద్దులో తనిఖీ లేకుండా లోపలికి వచ్చినవాడికి మామూలుగా ఆ దారి లేదు. దేశం బయటికి వెళ్లి అక్కడి అమెరికా కాన్సులేట్‌లో వీసా తెచ్చుకోవాలి. అసలు చిక్కు బయటికి వెళ్లడంలోనే ఉంది. పేపర్లు లేకుండా 180 రోజులు దాటి ఉంటే మూడేళ్లు, ఏడాది లేదా ఆపైన ఉంటే పదేళ్లు తిరిగి రాకుండా నిషేధం పడుతుంది. 1996 సెప్టెంబర్‌లో బిల్ క్లింటన్ సంతకం చేసిన చట్టం ఇది. 1997 ఏప్రిల్ 1 నుంచి ఈ లెక్కలు అమల్లో ఉన్నాయి. ఒకసారి డిపోర్ట్ అయ్యాక మళ్లీ దొంగదారిన వస్తే ఇంకా కష్టం: బయట పదేళ్లు గడిపితే గానీ రానివ్వమని అడగడానికి కూడా వీల్లేదు. పైగా అలా రావడమే నేరం, రెండేళ్ల దాకా జైలు పడవచ్చు.

నిషేధం నుంచి మినహాయింపు అడిగే వీలు లేకపోలేదు. దానికి షరతు ఏమిటంటే, ఈ మనిషి రాకపోతే అమెరికాలో ఉన్న భార్యో భర్తో, తల్లో తండ్రో తీవ్రమైన కష్టాల పాలవుతారని నిరూపించాలి. ఆ మాటను జాగ్రత్తగా చదవాలి. బయట చిక్కుకుపోయిన మనిషి పడే కష్టం లెక్కలోకి రాదు. లోపల ఉన్న పౌరురాలి కష్టమే లెక్క. అంటే ఫెర్నాండో గతి తేలాలన్నా జెన్నిఫర్ బాధనే తూకం వేయాలి. ఇద్దరి మధ్య ఉన్న అసమానతను ఇంతకంటే సూటిగా ఏ సంభాషణా చెప్పలేదు. ఈ చట్టం గురించి సినిమాలో ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. అది మంచిదే. కానీ వెనక ఈ గోడ ఉందని తెలిసి చూస్తే అతని తొందరపాటు, కోపం, పొగరు అన్నీ వేరేగా కనిపిస్తాయి.

అతను బ్యాలే డాన్సర్ కావడం వల్ల పదేళ్లు అనే మాటకు బరువు ఇంకా పెరుగుతుంది. మిగతా చాలా వృత్తుల్లో పదేళ్లు పోయినా మళ్లీ మొదలుపెట్టవచ్చు. బ్యాలేలో నలభై వచ్చేసరికే చాలామంది వేదిక దిగిపోతారు. మోకాళ్లు, చీలమండలు, నడుము అంతకుముందే మొరాయిస్తాయి. పాతికేళ్ల డాన్సర్‌ను పదేళ్లు ఆపితే అతని జీవితంలో నాట్యం మిగలదు. జెన్నిఫర్‌కు సమయం ఉంది, ఎదురుచూసే స్తోమత ఉంది. అతనికున్న ఆస్తి ఒళ్లొక్కటే, అది రోజురోజుకూ కరిగిపోయే ఆస్తి.

చట్టబద్ధమైన దారి అసలు లేదా అంటే ఉంది. కళల్లో అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ల కోసం అమెరికాలో ఓ-1 వీసా ఉంది, మొదట మూడేళ్ల దాకా ఇస్తారు. అయితే దానికి కళాకారుడు తనంతట తాను దరఖాస్తు పెట్టుకోలేడు. అమెరికాలోని సంస్థో ఏజెంటో అతని తరఫున పెట్టాలి. అంటే ప్రతిభ ఎంత ఉన్నా అవతలి ఒడ్డున నిలబడి చేయి అందించే మనిషి కావాలి. కళాసంస్థలకు చెక్కులు రాసే జెన్నిఫర్, ఆ చేతిని కదిలించగల స్థానంలో ఉన్న మనిషి.

శాన్ ఫ్రాన్సిస్కో సంగతి విడిగా చెప్పుకోవాలి. ఇది వలసవాళ్లకు ఆశ్రయమిస్తానని 1989లోనే ఆర్డినెన్స్ చేసుకున్న నగరం. కేంద్రం చేసే వలస తనిఖీల్లో నగర సిబ్బంది, పోలీసులు పాలుపంచుకోకుండా ఆ ఆర్డినెన్స్ కట్టడి చేస్తుంది. ఇలాంటి ఊళ్లో పేపర్లు లేని మనిషికి కొంత ధైర్యం ఉంటుంది. కానీ ఆ ఆర్డినెన్స్ కట్టడి చేసేది నగర ప్రభుత్వాన్నే, మామూలు మనుషులను కాదు. కేంద్ర వలస విభాగమైన ఐసీఈ దగ్గర ఎవరైనా ఫోన్ చేసి సమాచారం ఇచ్చే నంబర్ ఉంది, పేరు కూడా చెప్పక్కర్లేదు. యజమాని చేయవచ్చు, పొరుగువాడు చేయవచ్చు, ఒకే మంచం పంచుకునే మనిషి కూడా చేయవచ్చు. నగరం ఎంత మంచిదైనా ఆ ఫోన్‌ను ఆపలేదు.

గృహహింస కేసుల్లో పనిచేసేవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. ‘నిన్ను పట్టిస్తాను’ అనే బెదిరింపు చేయి ఎత్తకుండానే మనిషిని అదుపులో పెడుతుంది. అందుకే 1994లో మహిళలపై హింస నిరోధక చట్టం చేసినప్పుడు, అమెరికా పౌరుల చేతిలో హింసకు గురైన విదేశీ భార్యలు, భర్తలు ఎదుటివాళ్ల సంతకం లేకుండా తామే గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించారు. పేరులో మహిళ ఉన్నా మగవాళ్లకూ అది వర్తిస్తుంది. కానీ అది పెళ్లయినవాళ్లకు. రహస్యంగా ఉంచిన ప్రేమికుడికి ఆ తలుపు కూడా మూసే ఉంటుంది. దాచి ఉంచడం వల్ల జెన్నిఫర్‌కు దక్కేది పరువు. దాచబడినందుకు ఫెర్నాండో పోగొట్టుకునేది, చట్టం రక్షణ పొందే అవకాశం. కథ ముందుకు సాగేకొద్దీ ఈ సంగతి ఎలా బద్దలవుతుందో సినిమాలోనే చూడాలి, ఇక్కడ చెప్పేస్తే అన్యాయం.

ఇలాంటి జంటను సినిమా ఇంతకుముందు చూడలేదని కాదు. 1974లో జర్మన్ దర్శకుడు రైనర్ వెర్నర్ ఫాస్‌బిండర్ తీసిన ‘అలీ: ఫియర్ ఈట్స్ ద సోల్’లో అరవై ఏళ్ల చుట్టుపక్కల ఉన్న ఎమ్మి అనే పాచిపని చేసుకునే విధవరాలు, తనకంటే బాగా చిన్నవాడైన మొరాకో కార్మికుడు అలీని పెళ్లి చేసుకుంటుంది. పశ్చిమ జర్మనీ 1955 నుంచి ఇటలీ, టర్కీ, మొరాకో లాంటి దేశాలతో ఒప్పందాలు చేసుకుని కూలీలను తెచ్చుకుంది, 1973 నవంబర్‌లో ఆపేసింది. తలుపు అలా మూసిన మరుసటి ఏడాదే ఆ సినిమా వచ్చింది.

రెండు సినిమాలనూ పక్కపక్కన పెడితే డబ్బు ఎంత తేడా తెస్తుందో తెలుస్తుంది. ఎమ్మి, అలీ ఇద్దరూ అడుగునే ఉన్నవాళ్లు. పిల్లలు, పొరుగువాళ్లు, కొట్టువాడు అందరూ ఎదురు తిరిగితే ఇద్దరూ కలిసి దెబ్బలు తింటారు. చిత్రమేమిటంటే, బయటి ఒత్తిడి తగ్గాకే ఇంట్లో అధికారం మొలకెత్తుతుంది. అలీ తన ఊరి కుస్‌కుస్ వండమంటే ఎమ్మి తోసిపుచ్చుతుంది, జర్మనీ పద్ధతులు నేర్చుకోమంటుంది. ఇంటికి వచ్చిన తోటి పనివాళ్లకు అతని కండలు చూపిస్తే, వాళ్లు ముట్టుకుని మెచ్చుకుంటారు. ప్రేమించిన మనిషి ప్రదర్శనకు పెట్టిన వస్తువైపోతాడు. చివర్లో అలీ కడుపులో పుండు పగిలి ఆసుపత్రి పాలవుతాడు. పరాయిదేశపు కూలీల్లో ఇది తరచూ వస్తుందని, నయం చేసి పంపినా ఆరు నెలల్లో మళ్లీ వస్తాడని డాక్టర్ చెబుతాడు. ఎమ్మి అతని చేయి పట్టుకుని కూర్చుంటుంది.

జెన్నిఫర్‌కూ ఎమ్మికీ ఉన్న తేడా అక్కడే. ఎమ్మి తప్పు చేసినా ఆమె కూర్చోవడానికి ఆ మంచం పక్కన తప్ప వేరే చోటు లేదు. జెన్నిఫర్‌కు ఎప్పుడూ ఒక చోటు ఉంటుంది: తండ్రి ఆస్తి, సోదరుడి అండ, ఇంకో ఊళ్లో ఇంకో ఇల్లు. వెళ్లిపోగల మనిషి, వెళ్లలేని మనిషి మధ్య జరిగే గొడవలో మాటలు ఎంత సమానంగా వినిపించినా బేరం మాత్రం సమానంగా ఉండదు.

ఫ్రాంకో ఈ కథలో ఆడ, మగ స్థానాలు మార్చడం కూడా ఆలోచించాల్సిన విషయమే. ధనవంతుడైన పెద్దవయసు మగవాడు, పేదింటి అందమైన అమ్మాయి అనే కథను దేశదేశాల సినిమా ప్రేమకథగానే చెప్పింది. అక్కడ మగవాడి డబ్బును అదృష్టం అంటారు. ఇక్కడ అదే డబ్బు ఆడమనిషి చేతిలో ఉండేసరికి ప్రేక్షకుడికి ఇబ్బందిగా అనిపిస్తుంది. అతని ఒంటిని ఆమె చూసే చూపు, రమ్మన్నప్పుడు రావాలనుకునే తీరు, ఇవన్నీ మగ పాత్ర చేస్తే మనం గమనించి ఉండేవాళ్లమా? శృంగార దృశ్యాలు ఇందులో దాపరికం లేకుండా ఉంటాయి, కొంతమందికి అవి అతిగా అనిపించాయి. నిజానికి వాళ్లిద్దరూ సమానులుగా కనిపించేది ఆ కొద్ది నిమిషాలే. ఒక్కోసారి అతనిదే పైచేయి కూడా అవుతుంది. మంచం దిగగానే ఎవరు ఎక్కడ నిలబడాలో మళ్లీ గుర్తుకొస్తుంది.

కెమెరా పనితనం ఫ్రాంకో పాత సినిమాల్లాగే ఉంది. ఛాయాగ్రాహకుడు ఈవ్ కాప్ షాట్లు దూరంగా, కదలకుండా ఉంటాయి, బాధలో ఉన్న ముఖం దగ్గరికి పోయి జాలి పుట్టించవు. ‘మెమరీ’ (2023)లో ఇదే దర్శకుడు, ఇదే చస్టెయిన్ కలిసి చేసినప్పుడు ఆ దూరంలో కూడా వెచ్చదనం ఉంది. ఇక్కడ అది తక్కువ.

ఆ తక్కువే సినిమాను చివర్లో దెబ్బ తీసింది. ఆఖరి భాగంలో కథ నిర్బంధం, లైంగిక హింస వైపు తిరుగుతుంది. ఫెర్నాండో తన చేతిలో ఉన్న ఒకే ఒక్క బలాన్ని, శరీర బలాన్ని, వాడతాడు. అది నేరం, సినిమా కూడా దాన్ని సమర్థించదు. అయితే 2015 జూన్‌లో తన అభ్యర్థిత్వాన్ని ప్రకటిస్తూ ట్రంప్, మెక్సికో నుంచి వచ్చేవాళ్లలో అత్యాచారాలు చేసేవాళ్లున్నారని అన్నప్పటినుంచి ఆ నింద మోస్తున్న జనం లక్షల్లో ఉన్నారు. పేపర్లు లేని ఒక మెక్సికో యువకుడిని కథ మధ్యలో పెట్టి, అతన్ని సరిగ్గా అదే నేరం దాకా నడిపించాలంటే ఆ దారిలో అతని మనసు మనకు చాలా తెలియాలి. ఫ్రాంకో మనకు జెన్నిఫర్ భయాలు, లెక్కలు, ఒంటరితనం ఓపిగ్గా చూపించాడు. ఫెర్నాండోకు అమ్మానాన్నలున్నారు, ఆశ ఉంది, ఒళ్లు ఉంది. లోపల ఏం జరుగుతోందో మాత్రం అంతగా అందదు. కథలో జెన్నిఫర్ చేసిన పొరపాటునే దర్శకుడూ కొంత చేశాడు, అతన్ని బయటినుంచి చూశాడు.

ఫ్రాంకో మీద ఇలాంటి విమర్శ ఇదే మొదటిసారి కాదు. 2020లో వెనిస్‌లో గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలిచిన ‘న్యూ ఆర్డర్’ విషయంలో, పేదలను, నల్లటి ఒంటిరంగు వాళ్లను భయపెట్టే గుంపుగా చూపించాడని మెక్సికోలోనే చాలామంది కోప్పడ్డారు.

అయినా ‘డ్రీమ్స్’ను తోసిపుచ్చలేం. ఇద్దరూ ఒకరినొకరు గాయపరుచుకున్నారు, చెల్లుకు చెల్లు అని సినిమా అనదు. అతని హింస నాలుగు గోడల మధ్య, అతని చేతులు ఆడినంతసేపే సాగుతుంది. ఆమె వైపు బలం అలా అలసిపోయేది కాదు. దాని వెనక డబ్బుంది, కుటుంబం ఉంది, రెండు దేశాల్లో పని చేసిపెట్టే మనుషులున్నారు. ముగింపు ఈ తేడాను చాలా కటువుగా చూపిస్తుంది, అది చూసి కోపం రాకుండా ఉండదు.

ఫెర్నాండో పాత్రలో ఐసాక్ ఎర్నాండెజ్ ఉండటం వల్ల ఇంకో కథ కూడా తెర మీద ఉంటుంది. అతను నటన కోసం నాట్యం నేర్చుకున్నవాడు కాదు. మెక్సికోలోని గ్వాదలహారాలో పుట్టి, ఇంటి పెరట్లో తండ్రి దగ్గర బ్యాలే నేర్చుకుని, 2018లో బ్యాలేలో ప్రతిష్ఠాత్మకమైన బెన్వా ద లా డాన్స్ బహుమతి అందుకున్న మొదటి మెక్సికన్ పురుష డాన్సర్. అతను ప్రధాన నర్తకుడిగా పనిచేసిన సంస్థల్లో శాన్ ఫ్రాన్సిస్కో బ్యాలే ఒకటి. ఫెర్నాండో ట్రక్కులో దాక్కుని చేరాలనుకున్న ఊళ్లోనే, ఆ ముఖం, ఆ కాళ్లు, ఆ గాల్లోకి లేచే ఒళ్లు ఉన్న మనిషిని జనం టికెట్టు కొనుక్కుని వచ్చి చూసేవాళ్లు.